ఆలూ పరాఠానా, మెంతి తెప్లానా, సర్వపిండా: ఇంట్లో ఉన్న కూరగాయకి ఏ రొట్టె సరిపోతుంది

ఫ్రిజ్‌లో సగం సొరకాయ మిగిలింది. లేదా రెండు కట్టల మెంతికూర వాడిపోయేలా ఉంది. లేదా నాలుగు బంగాళదుంపలు తప్ప ఇంకేం లేవు. కూర విడిగా, చపాతీ విడిగా చేసే ఓపిక లేనప్పుడు కూరగాయని రొట్టెలోనే వేసేస్తే ఒక్క పనితో భోజనం అయిపోతుంది. చేసుకోవడానికి ఎన్నో రకాలున్నాయి: పంజాబీల పరాఠా, గుజరాతీల తెప్లా, తెలంగాణ సర్వపిండి, కన్నడిగుల అక్కి రొట్టి, మరాఠీల థాలీపీఠ్, జొన్నపిండిలో కూర కలిపి తట్టే రొట్టె. చాలామంది వీడియోలో ఏది బాగా కనిపిస్తే అది మొదలుపెడతారు. పిండి చిరిగి, కూర పెనానికి అంటుకుని, చివరికి అందరికీ పెరుగన్నమే గతవుతుంది.

నన్నడిగితే రెండే చూసుకోవాలి. కూరగాయలో నీళ్ళు ఎంత? ఇంట్లో ఉన్న పిండి సాగేదా, సాగనిదా? ఈ రెండూ తేలితే ఏ రొట్టె చేయాలో తేలిపోయినట్టే.

గోధుమపిండిని తడిపి మర్దిస్తే గ్లూటెన్ ఏర్పడి సాగుతుంది. అందుకే లోపల కూర పెట్టి మూసి, పైన కర్రతో ఒత్తినా తట్టుకుంటుంది. బియ్యప్పిండి, జొన్న, సజ్జ, రాగి పిండుల్లో గ్లూటెన్ లేదు. వాటిని ఎంత పిసికినా సాగవు. మరిగే నీళ్ళు పోస్తే పిండి కాస్త ఉడికి జిగురొస్తుంది, రొట్టె నిలబడేది ఆ జిగురుతోనే. కాబట్టి వీటిలో కూర కూరే పని పెట్టుకోకండి. కూరని పిండిలోనే కలిపి చేత్తో తట్టాలి.

ఇక నీళ్ళ సంగతి. సొరకాయ, ముల్లంగి బరువులో 90 శాతానికి పైగా నీళ్ళే. తురిమి ఉప్పు చల్లితే అయిదు నిమిషాల్లో గిన్నె అడుగున నీళ్ళు చేరతాయి. బంగాళదుంపలో కూడా 80 శాతం దాకా నీళ్ళున్నా, ఉడికాక ఆ నీళ్ళని దాని పిండిపదార్థమే పట్టి ఉంచుతుంది. ఆకుకూరలు పైకి పొడిగా కనిపిస్తాయి గానీ, తరిగి ఉప్పు తగలగానే నీళ్ళు వదులుతాయి. నీళ్ళు వదిలే కూరని పరాఠా లోపల మూస్తే ఆ నీళ్ళు బయటికి రావాలని చూస్తాయి, రొట్టె చిరుగుతుంది. అదే కూరని బియ్యప్పిండిలో కలిపితే ఆ నీళ్ళు పిండి తడపడానికే పనికొస్తాయి. సొరకాయతో సర్వపిండి, బంగాళదుంపతో పరాఠా అంత బాగా కుదరడానికి కారణం ఇదే.

కూరే పరాఠా: రుచి ఎక్కువ, పనీ ఎక్కువ

ఆలూ పరాఠాకి తిరుగులేదు, ఒప్పుకుంటాను. ఢిల్లీ చాందినీ చౌక్‌లోని పరాంఠే వాలీ గలీలో వీటిని నేతిలో పూరీల్లా వేయిస్తారు. హర్యానాలో హైవే మీది ముర్తల్ ధాబాల్లో తందూర్‌లో కాల్చి పైన వెన్నముద్ద పెడతారు. ఇంట్లో మనకి పెనమే గతి. పెనం మీద కూడా చక్కగా వస్తాయి, కాకపోతే బంగాళదుంప దగ్గరే సగం పని తేలిపోతుంది.

గోటితో గీకితే తొక్క ఊడొచ్చేది కొత్త దుంప. చలికాలం చివర్లో మార్కెట్ నిండా అవే ఉంటాయి. వేపుడుకి బాగుంటాయి గానీ పరాఠాకి వద్దు, తడిగా, జిగటగా తయారవుతాయి. తొక్క గట్టిగా, మట్టిరంగులో ఉన్న పాత దుంప తీసుకోండి. ముక్కలు కోయకుండా, తొక్కతోనే కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చి, ఆవిరి పోగానే నీళ్ళలోంచి తీసేయాలి. నీళ్ళలోనే వదిలేస్తే నాని ముద్దవుతాయి. తొక్క తీసి పూర్తిగా చల్లారాక తురుముపీట మీద తురమండి. చేత్తో మెదిపితే ఎక్కడో ఒక చిన్న పలుకు మిగిలిపోతుంది, ఒత్తేటప్పుడు ఆ పలుకే పిండిని చీల్చుకుని బయటికొస్తుంది. మిక్సీలో మాత్రం వేయకండి, జిగురైపోతుంది.

రెండు కప్పుల గోధుమపిండికి నాలుగు మధ్యరకం దుంపలు సరిపోతాయి, ఎనిమిది పరాఠాలొస్తాయి. పచ్చిమిర్చి, కొత్తిమీర, అల్లం చాలా సన్నగా తరగాలి. ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) వేస్తే పులుపు బాగుంటుంది. నిమ్మరసం పిండితే కూర మళ్ళీ తడవుతుంది. పచ్చి ఉల్లిపాయ వేయాలనిపిస్తే ఒత్తడానికి కూర్చున్నాక వేయండి, ఉప్పు కూడా అప్పుడే.

బొబ్బట్లు చేసిన చేతికి ఇదేమీ కొత్త కాదు. తోపు, పూర్ణం ఒకే మెత్తదనంలో ఉండాలని పెద్దవాళ్ళు చెప్పే మాట ఇక్కడా అక్షరాలా వర్తిస్తుంది. పిండి గట్టిగా, కూర మెత్తగా ఉంటే కూర ఒక పక్కకి జారిపోతుంది. పిండి మరీ జారుగా ఉంటే పీటకి అంటుకుంటుంది. పిండి తడిపి మూతపెట్టి అరగంట వదిలేయండి. తర్వాత కూర ఉండ పక్కన పిండి ఉండ పెట్టి రెండిటినీ వేలితో నొక్కి చూడండి. రెండూ ఒకేలా లొంగాలి. తేడా ఉంటే అప్పుడే సరిచేసుకోవచ్చు: పిండి గట్టిగా ఉంటే చెయ్యి తడుపుకుని నాలుగుసార్లు మర్దించాలి, కూర మెత్తగా ఉంటే వేయించిన శనగపిండి కానీ పుట్నాల పొడి కానీ ఒకటి రెండు చెంచాలు కలపాలి. పుట్నాల పొడి మనవాళ్ళ వంటింట్లో ఎప్పుడూ ఉండేదే, వేయించే పనీ ఉండదు.

కుచ్చిళ్ళు పెట్టి మూసిన వైపు కిందికి ఉంచి, ముందు వేళ్ళతో అంచులు వెడల్పు చేసి, ఆ తర్వాతే కర్ర తీసుకోండి. మధ్యలో నొక్కకుండా అంచుల వైపు ఒత్తుతూ వెళ్ళాలి. పెనం బాగా వేడెక్కాక వేసి, రెండు వైపులా మచ్చలు పడ్డాకే నెయ్యో నూనో వేయండి. ముందే వేస్తే పైన రంగు వచ్చేస్తుంది గానీ లోపలి పిండి పచ్చిగా ఉండిపోతుంది.

కాలీఫ్లవర్, ముల్లంగి పరాఠాలు ఇంతకన్నా ఒక మెట్టు కష్టం. కాలీఫ్లవర్‌ని కడిగి, బట్ట మీద ఆరబెట్టి, పచ్చిదే సన్నగా తురమాలి. ఉడికిస్తే నీరు కారుతుంది. తురుమునంతా ఒకేసారి మసాలాలో కలిపి పెట్టుకోకుండా, ఒక్కో పరాఠాకి కావలసినంత తీసుకుని అప్పటికప్పుడు ఉప్పు చల్లుకుంటే నీళ్ళు వదిలే వ్యవధి ఉండదు. ముల్లంగికి ఈ పద్ధతి చాలదు. తురిమి ఉప్పు కలిపి పావుగంట ఉంచి, పిడికిట్లో బాగా పిండేయాలి. ఆ నీళ్ళు పారబోయకండి, పిండి తడపడానికి వాడితే రుచి ఎక్కడికీ పోదు. ఆ నీళ్ళలో ఉప్పు ఉంటుంది కాబట్టి పిండిలో మళ్ళీ వేయనక్కర్లేదు. కొత్తగా చేసేవాళ్ళు ఈ రెండిటికీ రెండు పల్చని చపాతీలు ఒత్తి, మధ్యలో తురుము పరిచి, అంచులు తడిచేసి నొక్కే పద్ధతి ఎంచుకుంటే నయం. గుండ్రంగా, సమంగా వస్తుంది, చిరగడం కూడా తక్కువ.

మిగిలిపోయిన కూరతో పరాఠా చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. క్యాబేజీ, బీన్స్, ఆలూ వేపుడు లాంటి పొడికూర అయితే నిక్షేపంగా చేయొచ్చు, చాకుతో ఇంకాస్త సన్నగా కొట్టుకుంటే చాలు. టమాటా వేసిన కూర అయితే కూరడం మానేసి పిండిలో కలిపేయండి.

పిండిలో కలిపేవి: రోజువారీకి ఇవే

తెప్లా నాకు బాగా నచ్చే వంట. పేరు పొందేది ఆలూ పరాఠా అయినా, పనిరోజు సాయంత్రం మనిషిని కాపాడేది మెంతి తెప్లానే. కూరడం లేదు, కుచ్చిళ్ళు లేవు, చపాతీ ఒత్తడం వస్తే చాలు.

రెండు కప్పుల గోధుమపిండి, పావుకప్పు శనగపిండి, కప్పు నిండా తరిగిన మెంతికూర, పసుపు, కారం, వాము, నువ్వులు, రెండు చెంచాల నూనె, మూడు చెంచాల పెరుగు. ముందు నీళ్ళు పోయకండి. ఆకు, ఉప్పు, పెరుగు కలిపి పిండిని చేత్తో నలుపుతూ ఉంటే సగం తడి దానంతటదే వచ్చేస్తుంది. ఆ తర్వాత కావాలంటే నీళ్ళు చిలకరించుకోవాలి. చపాతీ పిండికన్నా ఒకింత గట్టిగా కలిపి పదినిమిషాల్లోనే ఒత్తడం మొదలుపెట్టండి. ఆలూ పరాఠా పిండిలా అరగంట నాననిస్తే ఆకు నీళ్ళు వదిలి, ముద్ద చేతికి అంటుకుంటుంది.

తెప్లా మెత్తదనం నూనె, పెరుగు వల్ల వస్తుంది. ప్రయాణానికి చేసేటప్పుడు పెరుగు మానేసి నూనె ఒక చెంచా పెంచితే ఇంకా నిలవుంటాయి. గుజరాతీలు ఎక్కడికి ప్రయాణమైనా తెప్లాల డబ్బా వెంట తీసుకెళ్ళేది ఇందుకే. బాగా చల్లారాక డబ్బాలో పెడితే మామూలు వాతావరణంలో రెండు మూడు రోజులు ఇబ్బంది ఉండదు. వేడిగా ఉండగానే మూతపెడితే ఆవిరి పట్టి మర్నాటికే వాసనొస్తుంది. సికింద్రాబాద్ నుంచి ఉత్తరాదికి రైల్లో వెళ్ళేవాళ్ళకి ఆలూ పరాఠాకన్నా ఇవే పెట్టండి. ఎండాకాలంలో బంగాళదుంప కూర, అందులోనూ ఉల్లిపాయ పడినది, పొద్దున చేస్తే సాయంత్రానికి పులుస్తుంది.

పాలకూర పరాఠా ఇంకా సులువు. ఆకుని మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసి, చల్లారాక పచ్చిమిర్చితో మెత్తగా రుబ్బి, ఆ గుజ్జుతోనే పిండి తడిపేయడం. వేరే నీళ్ళు అక్కర్లేదు. ఆకు ముక్కలు కనిపిస్తే పక్కకి ఏరేసే పిల్లలకి ఇది చక్కటి ఉపాయం. బీట్‌రూట్, క్యారెట్ కూడా ఇలాగే. మునగాకు మాత్రం రుబ్బకండి, చేదెక్కుతుంది. ఈనెలు తీసి, ఆకుని చెంచా నూనెలో పసరు వాసన పోయేదాకా మగ్గించి కలపాలి. ఆషాఢంలో మునగాకు తినాలని మనవాళ్ళు అంటారు కదా, పప్పులో తినీ తినీ విసుగొస్తే జొన్నరొట్టెలో వేసి చూడండి.

తట్టే రొట్టెలు: సర్వపిండి ముందు వరసలో

వరంగల్, కరీంనగర్ వైపు ఇళ్ళలో సర్వపిండి గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. కొన్నిచోట్ల గిన్నప్ప అంటారు, కొన్నిచోట్ల తపాలచెక్క అంటారు. బయటివాళ్ళకే దీని విలువ ఇంకా సరిగ్గా తెలియలేదని నా బాధ. పీట అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు, పొడిపిండి చల్లి వంటిల్లంతా తెల్లగా చేసుకోనక్కర్లేదు. పైగా పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కూరగాయ అన్నీ ఒకే రొట్టెలో పడతాయి.

రెండు కప్పుల బియ్యప్పిండికి కప్పు సొరకాయ తురుము. గంటసేపు నానబెట్టిన శనగపప్పు పావుకప్పు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పావుకప్పు, రెండు చెంచాల నువ్వులు, చెంచా జీలకర్ర, కరివేపాకు, కొత్తిమీర, ఉల్లిఆకు దొరికితే ఉల్లిఆకు, లేదంటే సన్నగా తరిగిన ఉల్లిపాయ. పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపి దంచి వేస్తే ఎండుకారం వేసినదానికన్నా బాగుంటుంది. ఉప్పు వేసి అన్నీ కలిపాక అయిదు నిమిషాలు ఆగండి. సొరకాయ ఎన్ని నీళ్ళు వదిలిందో తెలిశాకే వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోసుకోవాలి. ముద్ద చేత్తో తట్టడానికి వీలుగా మెత్తగా ఉండాలి, కానీ గిన్నె వాలిస్తే జారకూడదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ముద్దని తట్టాల్సింది చల్లని గిన్నెలో. అడుగు మందంగా ఉన్న మూకుడుకి నూనె రాసి, మధ్యలో ముద్ద పెట్టి, తడిచేత్తో అడుగునుంచి అంచుల మీదికి పల్చగా పాకించాలి. వేలితో అయిదారు చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నాలుగు చుక్కలు నూనె వేసి, మూతపెట్టి, చిన్నమంట మీద ఉంచండి. మొదట ఆవిరికి పైభాగం ఉడుకుతుంది, మూత లోపల నీళ్ళు చేరతాయి. కాసేపటికి చిల్లుల చుట్టూ నూనె చిటపటమంటుంది, తడి శబ్దం తగ్గి పొడి శబ్దం మొదలవుతుంది, నువ్వులు వేగిన వాసన వస్తుంది. అప్పుడు మూత తీసి, అంచు గిన్నెని వదిలిందో లేదో అట్లకాడతో చూడండి. వదిలితే అయిపోయినట్టే. దాదాపు పదినిమిషాల పని, మందంగా తడితే ఇంకాస్త. అడుగున ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా ఉంటుంది. తిరగేయనక్కర్లేదు.

దీనికున్న ఒకే ఇబ్బంది, రెండోది వేయాలంటే గిన్నె మళ్ళీ చల్లారాలి. వేడి గిన్నెలో తడితే చెయ్యి కాలుతుంది, పిండి పరుచుకోదు. అందుకని రెండు మూకుళ్ళు పెట్టుకోండి, లేదా వేడి గిన్నెని బోర్లించి వెనకవైపు నీళ్ళు పోసి చల్లార్చండి. ఇనుప మూకుడుకి, మందపాటి అల్యూమినియం గిన్నెకి ఇలా చేయొచ్చు. నాన్‌స్టిక్, పోత ఇనుము గిన్నెల మీద మాత్రం చల్లనీళ్ళు పోయకండి. నాన్‌స్టిక్ పూత పాడవుతుంది, పోత ఇనుము పగిలే ప్రమాదం ఉంది.

నలుగురికి ఒకేసారి వేడివేడిగా వడ్డించాలంటే సర్వపిండి సరైనది కాదు. ఒకటి పొయ్యి మీద పెట్టి, వేరే పని చూసుకుంటూ, ఒక్కొక్కరికి ముక్కలు చేసి పెట్టే ఇంటికి ఇదే సరైనది.

అక్కి రొట్టి దీనికి దగ్గర చుట్టమే. కర్ణాటకలో బియ్యప్పిండిలో క్యారెట్ తురుము, ఉల్లిపాయ, సోయకూర, పచ్చికొబ్బరి కలిపి అరటాకు మీదో, పెనం మీదనో తడతారు. చలికాలంలో అనపగింజలు వేస్తారు. చిత్తూరు, అనంతపురం వైపు అనపకాయలు దండిగా వచ్చే రోజుల్లో మనమూ వేసుకోవచ్చు. సర్వపిండికన్నా పల్చన, త్వరగా కాలుతుంది, కానీ చల్లారితే గట్టిపడుతుంది. పెనం మీంచి నేరుగా కంచంలోకి వెళ్ళాలి. డబ్బాలో పెట్టాలనుకుంటే ఇది వద్దు.

థాలీపీఠ్‌కి భజనీ అనే పిండి కావాలి. జొన్నలు, సజ్జలు, బియ్యం, శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర విడివిడిగా వేయించి పట్టించిన పిండి అది. ఒకసారి కిలో పట్టించి పెట్టుకుంటే ఉల్లిపాయ, కొత్తిమీర, ఏదో ఒక కూరగాయ తురుము కలిపి తడిబట్ట మీద తట్టి పెనం మీదికి తిప్పేయడమే. పప్పులు ఉండటంవల్ల ఒకటి తింటే కడుపు నిండుతుంది. వెన్నతో తింటారు. పిండి తయారీకి ఓపిక లేనివాళ్ళు జొన్నపిండి, గోధుమపిండి, శనగపిండి 2:1:1 పాళ్ళలో కలుపుకోవచ్చు. వేయించిన వాసన ఉండదు గానీ రొట్టె బాగానే కుదురుతుంది.

జొన్నరొట్టె మామూలుగా వట్టిదే చేసి, పక్కన గోంగూర పచ్చడో, వంకాయ కూరో పెట్టుకుంటాం. అదే గొప్ప కలయిక, దాన్ని మార్చాలని నాకు లేదు. అయినా మెంతికూర, ఉల్లిపాయ, పచ్చిమిర్చి సన్నగా తరిగి కలిపిన జొన్నరొట్టె కూడా బాగుంటుంది. వట్టి రొట్టెలా చేతులతో వేగంగా తిప్పుతూ చేయడం కుదరదు, ముక్కల దగ్గర పగుళ్ళిస్తుంది. తడిబట్ట మీదో, పాలకవరు మీదో కాస్త మందంగా తట్టండి. పిండి కొత్తగా పట్టించినదై ఉండాలి. నెలల తరబడి డబ్బాలో ఉన్న జొన్నపిండికి ఎన్ని వేడినీళ్ళు పోసినా జిగురు రాదు.

పొయ్యి, పెనం కూడా లెక్కలోకి వస్తాయి

గ్యాస్ పొయ్యి, ఇనుప పెనం ఉంటే ఏదైనా చేసుకోవచ్చు. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్ళు గుండ్రటి అడుగున్న మూకుడులో సర్వపిండి ప్రయత్నించకండి. అడుగు ఆనినచోటే మాడి, అంచులు పచ్చిగా మిగులుతాయి. అడుగు బల్లపరుపుగా ఉన్న మందపాటి పెనంలో అడుగుభాగం వరకే తట్టుకుంటే సరిపోతుంది. పలుచని పెనం మీద ఆలూ పరాఠా మచ్చలు మచ్చలుగా మాడుతుంది. కొత్తగా పెనం కొనేవాళ్ళకి నా సలహా, బరువైన ఇనుప పెనమే తీసుకోండి. పరాఠా, తెప్లా, థాలీపీఠ్ మూడింటికీ అదే పనికొస్తుంది, దోసెలకి కూడా.

అమెరికా, కెనడాల్లో ఉండే మనవాళ్ళకి పిండి దగ్గర చిన్న తేడా వస్తుంది. అక్కడ దొరికే కొన్ని ఆటాలు డ్యూరమ్ గోధుమతో చేసినవి, కాస్త పసుపురంగులో ఉంటాయి. నీళ్ళు ఎక్కువ పీలుస్తాయి, నానే సమయమూ ఎక్కువ కావాలి. సంచీ మీద చూసుకుని, అలాంటి పిండి అయితే ఇక్కడి కొలతకన్నా రెండు మూడు చెంచాలు నీళ్ళు ఎక్కువ పోసి గంటసేపు నాననివ్వండి.

ఎవరింట్లో ఏది

ఇప్పుడే వంట మొదలుపెట్టినవాళ్ళు, హాస్టల్ వదిలి రూమ్ తీసుకున్న పిల్లలు పాలకూర పరాఠాతో మొదలుపెట్టండి. చపాతీ గుండ్రంగా రాకపోయినా రుచికి లోటుండదు. అసలు కర్ర పట్టుకోవడమే టెన్షన్ అనిపిస్తే నేరుగా సర్వపిండికి వెళ్ళండి. తట్టడం ఎవరికైనా వస్తుంది. ఆలూ పరాఠాని ఆదివారానికి ఉంచుకోండి, ఒకరు ఒత్తుతుంటే ఇంకొకరు కాల్చేవాళ్ళున్న రోజున అయితే మరీ మంచిది.

స్కూలు డబ్బాకి తెప్లా, పాలకూర పరాఠా. రాత్రే పిండి కలిపి పెట్టుకుంటాం అనేవాళ్ళు పాలకూర గుజ్జుతో తడిపిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తరిగిన మెంతికూర పడిన పిండిని వద్దు, పొద్దున్నకి నీళ్ళోడుతుంది. అందుకు బదులు ఆకు కడిగి, ఆరబెట్టి, తరిగి విడిగా ఉంచుకుంటే పొద్దున కలపడం అయిదు నిమిషాల పని.

పళ్ళు సరిగ్గా లేని పెద్దవాళ్ళకి సర్వపిండి అడుగుభాగం గట్టిగా ఉంటుంది. వాళ్ళకి నెయ్యి రాసి, వేడిగా మూతపెట్టి అయిదు నిమిషాలుంచిన ఆలూ పరాఠా మెత్తగా ఉంటుంది. షుగరున్నవాళ్ళు ఉంటే గోధుమపిండిలో బంగాళదుంప అంటే పిండిలో మళ్ళీ పిండే కదా, శనగపిండి కలిసిన తెప్లానో, పప్పులున్న థాలీపీఠ్‌నో ఎంచుకోవడం మేలు. ఏదైనా ఎన్ని తింటున్నాం అన్నది కూడా చూసుకోవాలి.

గోధుమ పడనివాళ్ళకి, ముఖ్యంగా సీలియాక్ జబ్బున్నవాళ్ళకి, సర్వపిండి, అక్కి రొట్టి, జొన్నరొట్టె ఉన్నాయి. థాలీపీఠ్ భజనీలో కొందరు గోధుమలు కూడా వేస్తారు, బయట కొన్నదైతే అడిగి తీసుకోండి. ఇంకొకటి చాలామందికి తట్టదు: బజార్లో దొరికే ఇంగువ పొడిలో ఎక్కువగా గోధుమపిండో, మైదానో కలుపుతారు. బియ్యప్పిండి రొట్టెలో చిటికెడు ఇంగువ వేస్తే గోధుమ వెళ్ళినట్టే. డబ్బా మీద పదార్థాల పట్టిక చూసి, బియ్యప్పిండితో కలిపినది కొనండి. మరలో పట్టించేవాళ్ళు కూడా తమకన్నా ముందు గోధుమలు పట్టారేమో అడగాలి.

ఇక కొనుక్కునే ఫ్రోజెన్ పరాఠాలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రొట్టెలు, పరాఠాల మీద జీఎస్టీ ఎత్తేశారు, కాబట్టి కొనేవాళ్ళకి ఇప్పుడు కాస్త తేలిక. అత్యవసరానికి ఒక ప్యాకెట్ ఉంచుకోవడంలో తప్పేం లేదు. పదార్థాల పట్టికలో ముందు రాసిందే ఎక్కువగా ఉంటుందని గుర్తుంచుకుని చదవండి. పేరులో ఆలూ ఉండి, పట్టికలో మైదా, నూనె ముందు కనిపిస్తే అది మైదా పరాఠానే.

అంతకన్నా ఇంట్లోనే చేసి దాచుకోవచ్చు. ఆలూ పరాఠాలని నూనె లేకుండా రెండువైపులా సగం కాల్చి, పూర్తిగా చల్లార్చి, మధ్య మధ్య బటర్ పేపర్ పెట్టి, గాలి చొరకుండా కవర్లో ఫ్రీజర్‌లో ఉంచితే నెల దాకా వస్తాయి. కాల్చేటప్పుడు కరగనివ్వకండి. కరిగితే పైపిండి తడిసి పెనానికి అంటుకుంటుంది. గడ్డకట్టినది గడ్డకట్టినట్టే మధ్యస్థం మంట మీద వేసి, మెత్తబడ్డాక నెయ్యి వేయండి. తెప్లాలూ ఇలాగే నిలవుంటాయి. సర్వపిండి, అక్కి రొట్టి మాత్రం ఫ్రీజర్‌కి పనికిరావు, మళ్ళీ వేడిచేస్తే పొడిపొడిగా విరిగిపోతాయి.